పండగ ముందు వెనక్కి వచ్చిన తెల్ల సేమియా

ముందుగా, నోటికి ముద్దనూ ముక్కుకు ఊపిరినీ ఒకే చేతితో ఇస్తున్న దేవునికి స్తోత్రం. ఆకలేస్తే ఆయన్ని తలుచుకుంటాం. ఊపిరి పీల్చేటప్పుడు తలుచుకోం, అది అడక్కుండానే వస్తుంది కాబట్టి. అడగనిదాన్ని కూడా ఆపకుండా ఇస్తున్న ఆ తండ్రికి మహిమ కలుగును గాక. నేను రాయబోయే దాంట్లో నా గొప్పతనం వెతకవద్దు. ఒక రోజు ఆయన పని చేస్తుండగా నేను పక్కన నిలబడి చూశాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మా ఆహార భద్రత శాఖలో కొత్తగా చేరిన తమ్ముళ్లు ఇద్దరు ఆమధ్య మా ఇంటికి వచ్చారు. "సార్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదండీ?" అని అడిగారు. కల్తీ నెయ్యో కల్తీ నూనో చెబుతానని ఎదురుచూశారు. "సేమియా" అన్నాను. ఒకతను నవ్వు ఆపుకోలేక కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. నవ్వనీ. ఆ రోజు వాళ్లకు చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. మా సంఘంలోని యవ్వనస్థులు కూడా చదివితే సంతోషిస్తాను.

నా గురించి కొంచెం చెప్పాలి. మా నాన్నగారు సువార్తికులు. చీడికాడ వైపు పల్లెల్లో సైకిలు మీద తిరుగుతూ వాక్యం చెప్పేవారు. ఆదివారం బడిలో కంఠతా పట్టిన వచనాలే నా మొదటి చదువు. ఆ పల్లెల్లో ఎటు చూసినా చెరకు తోటలే. కూటం అయిపోయాక పిల్లలమంతా బెల్లం వండే పాకల దగ్గరకు చేరి, వేడి పాకం కోసం ఆకులు పట్టుకుని నిలబడేవాళ్లం. పాకం మరుగుతుండగా కొందరు అందులో తెల్లటి పొడి చల్లేవారు. దాన్ని హైడ్రోస్ అంటారు. అది వేస్తే బెల్లంలో నలుపు విరిగి పసుపు పచ్చగా మెరుస్తుంది. మార్కెట్టులో రంగున్న దిమ్మకే గిరాకీ. ఆ పొడి పడగానే అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు గుప్పున లేచేది. మేం ముక్కులు మూసుకుని కేకలు వేస్తూ పరిగెత్తేవాళ్లం. మాకు అదో ఆట.

పెద్దయ్యాక ఫుడ్ ఇన్‌స్పెక్టర్ని అయ్యాను. తర్వాత చట్టం మారి, ఉద్యోగం పేరు కూడా మారి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ని అయ్యాను. మేం ఎప్పుడూ హోటళ్ల మీద దాడులు చేస్తుంటామని జనం అనుకుంటారు. మా పనిలో ఎక్కువ భాగం ఎదురుచూపే. నమూనా తీస్తాం, నాలుగు భాగాలు చేస్తాం, దారం కట్టి లక్క సీలు వేస్తాం, ఒక భాగాన్ని ల్యాబుకు పంపుతాం. రిపోర్టు వచ్చేదాకా ఆ సరుకు మంచిదని గానీ చెడ్డదని గానీ మేం అనకూడదు. రెండు వారాలు పట్టొచ్చు, అంతకంటే ఎక్కువే పట్టొచ్చు. కనబడని దానికోసం కనిపెట్టుకుని ఉండటం మందిరంలో నేర్చుకున్నాను, ఆఫీసులో బాగా అలవాటు చేసుకున్నాను.

ఇక మా జీపు డ్రైవరు. అనకాపల్లి పట్నంలోనే పుట్టి పెరిగిన ముస్లిం కుటుంబం అతనిది. తండ్రి టైలరు. జీపు నాకంటే పాతది, ఎప్పుడు స్టార్టవుతుందో దానికే తెలియదు. తాళం తిప్పేటప్పుడు అతను బిస్మిల్లా అనేవాడు, పక్క సీట్లో నేను ప్రభువా అనేవాణ్ణి. "ఇద్దరం అడిగితే గానీ కదలదు సార్, దీనికి అంత గర్వం" అనేవాడు అతను.

అనకాపల్లి కొత్త జిల్లా అయ్యాక, ఒక వేసవిలో రంజాను నెల చివరికొచ్చింది. ఆ సాయంత్రం నెలవంక కనబడితే మర్నాడే పండగ, కనబడకపోతే ఎల్లుండి. పొద్దున్నే డ్రైవరు వచ్చాడు గానీ జీపు తుడవలేదు. మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమైందయ్యా?"

"మా అక్క ఆస్పత్రిలో ఉంది సార్. ఊపిరాడట్లేదు. ఆక్సిజన్ పెట్టేరు."

ఇద్దరం ఆస్పత్రికి వెళ్లాం. ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని, ముఖానికి మాస్కుతో, ఒక్కొక్క ఊపిరినీ బావిలోంచి చేదినట్టు లాగుతోంది. కళ్లతోనే తమ్ముణ్ణి పలకరించింది. మంచం పక్కన ఆమె ఆడపడుచు ఉంది. నేను ఎవరినో తెలిశాక గబగబా చెప్పింది.

"నిన్న సాయంత్రం రోజా ఉపాసం విడిచేక పాలల్లో సేమియా వండేను సార్. అందరం తిన్నాం. ఒదినకే ఇలాగయింది. చిన్నప్పట్నుంచీ ఆయాసం ఉంది గానీ ఇంతలా ఎప్పుడూ రాలేదు."

"ఉడికేటప్పుడు ఏమైనా తేడాగా అనిపించిందా అమ్మా?"

"వాసనొచ్చింది సార్. అగ్గిపుల్ల గీసినట్టు. గ్యాసు పొయ్యిదేమో అనుకున్నాను. సేమియా మాత్రం ఎంత తెల్లగా ఉందనుకున్నారు! ఈసారి మా వీధి వీధంతా అదే కొన్నాం పండక్కి."

ఆ వాసన నాకు తెలుసు. హైడ్రోస్ గురించి డాక్టరుగారిని అడిగితే ఆయన, "అలాంటి మందు అందరినీ ఏమీ చెయ్యదు. ఆయాసం ఉన్నవాళ్లలో కొందరికి మాత్రం అసలు పడదు, గొంతు నొక్కేసినట్టు అయిపోతుంది. ఈమెను సమయానికి తెచ్చారు. మీ పట్నంలో ఆయాసం ఉన్నవాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్లెప్పుడు తింటారో నాకేం తెలుసు?" అన్నారు.

పండగ ఉదయం ఆ వీధుల్లో పొయ్యి మీద సేమియా లేని ఇల్లు ఉండదు. వచ్చిన ప్రతి మనిషికీ ఒక గిన్నె పెడతారు. ముసలివాళ్లకు మరో గిన్నె. ఆ రోజు మా ముందున్న పని అదొక్కటే. ఆ సేమియా పొయ్యి ఎక్కకముందే వెనక్కి రావాలి.

మా పై అధికారికి ఫోన్ చేశాను. మంచి మనిషి, కాకపోతే ప్రతి అడుగూ చట్టం పుస్తకంలో చూసుకుని వేస్తాడు.

"రిపోర్టు లేకుండా బజార్లో సరుకు ఆపమని ఆర్డరెలా ఇస్తాను? ముందు నమూనా తియ్యి. పండగ రేపా, ఎల్లుండా?"

"చంద్రుణ్ణి బట్టి సార్."

"బావుంది. టైము చంద్రుడి చేతిలో ఉంది, మనం ల్యాబు చేతిలో ఉన్నాం." ఫోన్లో పుస్తకం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "పైవాళ్లకి నేను ఫోన్లు చేస్తాను. ఎవరు దొరుకుతారో తెలీదు. ఒక్క దారి ఉంది. తయారుచేసినవాడు తనంతట తాను తప్పు ఒప్పుకుని సరుకు వెనక్కి తీసుకోవచ్చు. దానికి రిపోర్టు అక్కర్లేదు. కానీ వాడెందుకు చేస్తాడయ్యా? నీ సర్వీసులో ఒక్కడైనా చేశాడా?"

చెయ్యలేదు. ఒక్కడు కూడా.

డ్రైవరు అక్కగారింట్లోని ఖాళీ ప్యాకెట్టు మీదున్న ఊరు చీడికాడ దారిలో, చెరకు తోటల మధ్య ఉంది. దారిలో మేమిద్దరం మాట్లాడుకోలేదు. డ్రైవరు రోజాలో ఉన్నాడు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నేను లోపల్లోపల ప్రార్థన చేస్తూనే ఉన్నాను. ఏమని అడగాలో తెలియక "ప్రభువా, ప్రభువా" అని మాత్రమే అన్నాను.

ఆ కార్ఖానా ఒకప్పుడు బెల్లం పాక. పాత పెనం పెరట్లో బోర్లించి ఉంది, దాని మీద కోళ్లు. లోపల మిషను, మైదా బస్తాలు. వెదురు గెడల మీద సేమియా ఆరబెట్టి ఉంది. సన్నటి తెల్లటి పోగులు గాలికి కదులుతుంటే, నిజం చెప్పొద్దూ, చాలా అందంగా ఉంది.

యజమాని యాభై దాటిన రైతు. మోచేతుల దాకా మైదాతో ఎదురొచ్చాడు. మేం లైసెన్సు పని మీద వచ్చామనుకున్నాడు.

"రండి బాబూ, రండి. ఒలే, కుర్సీలు తేయే! మజ్జిగ తే!"

"నాకొద్దు, రోజా" అన్నాడు డ్రైవరు, గుమ్మంలోనే నిలబడి.

నేను ఎన్నో ప్రశ్నలు సిద్ధం చేసుకుని వెళ్లాను. దాచిన సరుకును బయటకు లాగడానికి మాకు కొన్ని పద్ధతులుంటాయి. వాటితో పనే పడలేదు. "ఇంత తెల్లగా ఎలా వస్తోందయ్యా?" అని అడిగితే, దేవుడి పటం పక్కనున్న డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు.

"హైడ్రోసండి. బెల్లంలో ఏత్తాం గదా. మైదా మసగ్గా ఉంటాది. సిటికెడేత్తే సూడండి, మల్లెపువ్వే! ఇదివరకు నా సేమియా ఎవుడూ ముట్టుకోనేదు. ఇప్పుడు సేసింది సేసినట్టే ఎల్లిపోతన్నాది."

"ప్యాకెట్టు మీద రంగులు, రసాయనాలు లేవని రాశావే?"

"అది నాను రాయనేదండి. ప్రింటింగోడు పెద్ద కంపెనీ పేకట్టు సూపించేడు. ఇలాగే ఏసీమంటావా అన్నాడు. బాగున్నాది, ఏసీ అన్నాను."

"డ్యూరమ్ గోధుమలతో తయారైందని ఉంది. నువ్వు వాడేది మైదా."

"డ్యూరమంటే ఏదో వూరనుకున్నాన్సార్."

మరో రోజైతే నవ్వేవాణ్ణి. జీవితమంతా బెల్లం వండిన మనిషి అతను. రంగుంటేనే సరుకన్న పాఠాన్ని పాకలోంచి మిషను దగ్గరకు మోసుకొచ్చాడు. ప్యాకెట్టు మీది అక్షరాలు అతని లెక్కలో పెళ్లి కార్డు మీది లతల్లాంటివి. చూడ్డానికి బాగుంటే చాలు.

నమూనా తీశాను, సీళ్లు వేశాను, ఉన్న సరుకు స్వాధీనం చేసుకున్నాను. పక్కింటాయన సాక్షిగా సంతకం పెట్టాడు. అప్పటికి గానీ యజమానికి ఏదో జరిగిందని అర్థం కాలేదు. అప్పుడు ఆస్పత్రి సంగతి చెప్పాను. అతని ముఖంలో రంగు పోయింది. తర్వాత గట్టిపడింది.

"ఆయమ్మకి ముందునుంచీ ఆయాసం ఉన్నాది గదండీ. మిగతావోలకి ఏటీ అవ్వనేదు గదా. నా సేమియా వల్లేనని ఎవుడు సెప్పేడు?"

"ఇంకా ఎవరూ చెప్పలేదు. ల్యాబు చెప్పాలి. ఈలోగా పండగ అయిపోతుంది." నేను అతని ఎదురుగా కూర్చున్నాను. "నువ్వు తల్చుకుంటే ఇవాళే నీ సరుకు వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఒకటి దాచకుండా చెబుతున్నాను. నువ్వు నలుగురిలో ఒప్పుకున్న మాట రేపు నీ మీద సాక్ష్యంగా నేనే రాస్తాను. రాయక తప్పదు."

"అంటే నా నోటితో నన్నే ఉరేసుకోమంటారు."

"ఉరి కాదు. కార్ఖానా మూతపడొచ్చు."

"రెండూ ఒకటే బాబూ. సెరుకు ఒగ్గీసి దీన్ని నమ్ముకున్నాను. పెనం బోర్లించీసేను సూసేరు గదా."

డ్రైవరు అప్పటిదాకా నోరు విప్పలేదు. గుమ్మంలోంచే అన్నాడు. "ఆవిడ మా అక్క."

మూలన ప్యాకెట్లు కడుతున్న అతని భార్య చేతులాపింది. ముక్కుకు కొంగు చుట్టుకుని ఉంది. లేచి వచ్చింది. నాలుగడుగులకే ఆమెకు ఆయాసం వచ్చింది. గోడ పట్టుకుని నిలబడి డ్రైవరును అడిగింది.

"ఆ తల్లికి ఇప్పుడెలాగున్నాది బాబూ?"

"గాలి అందట్లేదమ్మా. కూర్చునే ఉంది. పడుకోలేకపోతోంది."

"పడుకోనేరు. నాకు తెలుసు." భర్త వైపు తిరిగింది. "మావా, పెనం కాడ నువ్వు ఆ పొడి ఏసినప్పుడల్లా నాను పాకలోంచి బయటికి పారిపోయేదాన్ని. నువ్వూ మీ అన్నలూ నవ్వేవోలు. గుర్తున్నాదా? పొగ పడనేదన్నావు. పొగంటే దినమంతా ఉంటాది గదా మావా. ఆ పొడి ఏసినప్పుడే నాకెందుకొచ్చేది?"

"నాకేటి తెలుసే..."

"తెల్దు. అప్పుడు తెల్దు. ఇప్పుడు తెలిసింది గదా."

ఆమె కొంగు సర్దుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. అతను చాలాసేపు తన చేతులకంటిన మైదా వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను కళ్లు మూసుకున్నాను. మందిరంలో ఎన్నోసార్లు, మారుమనసు పొందేవారు లేవమని పిలుపు ఇచ్చాక ఎవరైనా లేస్తారా అని అలాగే కళ్లు మూసుకుని కూర్చున్నాను. చాలాసార్లు ఎవరూ లేవరు. మళ్లీ కళ్లు తెరిచేసరికి పెరట్లో బోరింగు చప్పుడు. అతను చేతులూ కాళ్లూ కడుక్కుంటున్నాడు. లోపలికెళ్లి ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"పదండి. నానే సెప్తాను."

అతను జీపు వెనక ఎక్కబోతుంటే డ్రైవరు ముందు తలుపు తీశాడు. "ఇటెక్కు మామా" అన్నాడు. పొద్దుట్నుంచీ అతని నోట వచ్చిన మొదటి మెత్తటి మాట అది. తాళం తిప్పితే జీపు గురగురమని ఆగిపోయింది. అతను బిస్మిల్లా అన్నాడు, నేను ప్రభువా అన్నాను. ఆగిపోయింది. మధ్యలో కూర్చున్న సేమియా మనిషి తన దేవుణ్ణి తలుచుకుని "ఉప్మాక ఎంకన్నా!" అని గట్టిగా అరిచాడు. స్టార్టయింది. డ్రైవరు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి చెరకు తోటలు చూశాను.

పట్నం చేరేసరికి ఎండ వాలింది. దుకాణాల్లో మిగిలిన ప్యాకెట్లు తీయించాం. మిగిలినవి చాలా తక్కువ. "అంతా ఇళ్లకి వెళ్లిపోయింది సార్, పండగ కదా" అన్నారు అందరూ. ఇల్లిల్లూ తిరగాలంటే తెల్లారిపోతుంది. డ్రైవరు మమ్మల్ని వాళ్ల మసీదు పెద్ద దగ్గరకు తీసుకెళ్లాడు. తెల్ల గడ్డం, మితంగా మాట్లాడే మనిషి. బజార్లో ఇనప సామాను దుకాణం నడుపుతాడు. అంతా విని, "నమాజు అయ్యాక మైకులో నేను చెప్తాను" అన్నాడు.

"నానే సెప్తానండి" అన్నాడు సేమియా మనిషి. "తప్పు నాది. మీ నోటితో ఎందుకు?"

పెద్దాయన అతన్ని కిందికీ పైకీ చూశాడు. "కోపంగా ఉంటారు బేటా. పొద్దుట్నుంచీ పస్తున్నవాళ్లు."

"తెలుసండి."

పొద్దు గుంకగానే ఖర్జూరాలు పంచారు. సాయంత్రం నమాజు అయింది. మేడల మీదా, గోడల మీదా ఎక్కి జనమంతా పడమటి వైపు చూస్తున్నారు. నా జీవితంలో మొదటిసారి నేను కూడా నెలవంక కోసం చూశాను. నా ప్రార్థన మాత్రం అందరిదానికీ ఎదురు. ఒక్క మబ్బు పంపు ప్రభువా, ఈ ఒక్క రాత్రికి దాన్ని కప్పెయ్యి, మాకు ఇంకొక్క రోజు ఇవ్వు అని అడిగాను. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఎవరో "అదిగో!" అన్నారు. గోరంత గీత. వీధంతా కేరింతలు, టపాకాయలు, ఆలింగనాలు. దేవుడు నా మాట వినలేదనుకున్నాను.

పెద్దాయన మైకులో పండగ రేపేనని చెప్పాడు. "ఇంకో మాట ఉంది, ఎవరూ కదలకండి" అని, మైకు సేమియా మనిషికి ఇచ్చాడు. ముందు ఊపిరి చప్పుడు మాత్రమే వినిపించింది.

"అయ్యల్లారా, అమ్మల్లారా. నాను సేమియా సేసేవోణ్ణి. తెల్ల పేకట్టు, గోదుమ కంకి బొమ్మ ఉంటాది. అది నాదే. అందులో బెల్లంలో ఏసే మందు ఏసేను. తెల్లగా ఉంటాదని ఏసేను. ఏ మందూ లేదని పేకట్టు మీద ఏయించేను. అది అబద్దం. ఆయాసం ఉన్నోలు తింటే ఊపిరాడదట. ఒక తల్లి ఆస్పట్లో ఉన్నాది. వొండకండి. వొండీసినా తినకండి. బయట పారీకండి, గేదెలు తింటాయి. మసీదు కాడ నిలబడుంటాను. తెచ్చి నాకిచ్చీండి. తిట్టాలనుకున్నోలు తిట్టండి. పండగపూట మీ నోటికాడిది లాగీసేను. తప్పయిపోనాది."

వీధిలో టపాకాయలు కూడా ఆగాయి.

పశ్చాత్తాపం మీద నేను ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. కొన్ని నేనూ చేశాను. ఆ రోజు ఆ గొంతు విన్నాక, ఆ మాటకు అర్థం నాకు అంతకుముందు తెలియదనిపించింది.

మొదట ఒక చిన్నపిల్ల వచ్చింది, విప్పని రెండు ప్యాకెట్లు పట్టుకుని. ఇచ్చేసి పరిగెత్తింది. తర్వాత ఒక ముసలాయన. తర్వాత వీధి మలుపు దగ్గర్నుంచి మనుషులు, చేతుల్లో ప్యాకెట్లు, డబ్బాలు, మూతపెట్టిన గిన్నెలు. కొందరు అప్పటికే నేతిలో వేయించేశారు. జీడిపప్పులతో సహా తెచ్చి పోశారు. ఒక్కరూ బిల్లు అడగలేదు. ఒక్కరూ "మా ఇంట్లో ఎవరికీ ఆయాసం లేదు కదా" అనలేదు. తమ ఇంట్లో ఎవరికీ ఏమీ కాకపోయినా, ఎవరో తెలియని ఒక ఊపిరి కోసం తమ పండగ గిన్నె తెచ్చి ఇచ్చారు. గోనెపట్టాల మీద తెల్లటి కుప్ప పెరుగుతూ పోయింది.

అందరూ మౌనంగా ఉన్నారని రాస్తే అబద్ధమవుతుంది. ఒక కుర్రాడు అతని చొక్కా పట్టుకున్నాడు. "మా ముసలి నానీకి దమ్ము జబ్బుంది, తెలుసా? నిన్న తిన్నుంటే? ఇప్పుడొచ్చి చెప్తావా?" అతను చేతులు అడ్డం పెట్టలేదు. పెద్దాయన కుర్రాడి మణికట్టు పట్టుకుని, "చెప్పినవాణ్ణి కొడితే రేపు ఇంకెవడు చెప్తాడురా?" అన్నాడు. కుర్రాడు వదిలేసి, ఏడ్చేసి, కాసేపటికి తనే గోనెలు మోశాడు.

ఒక పెద్దావిడ తన ఇంటి గిన్నె తానే తెచ్చింది. కుప్పలో పోసి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"మైదా ముఖమోడా! పాలు కాచుకుని కూర్చున్నాన్రా నేను. అయ్యో, ఎంత తెల్లగుందని పక్కింటిదానికి కూడా చెప్పి కొనిపించేను!"

"తప్పేనమ్మా."

"తప్పే మరి. పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె కొంగు ముడి విప్పి ఖర్జూరం తీసి అతని అరచేతిలో పెట్టింది. "తిను. పడిపోతే మోసేవాళ్లెవరిక్కడ?" తిట్టుకుంటూనే వెళ్లిపోయింది. అతను దాన్ని నోట్లో పెట్టుకోలేక, పారెయ్యలేక, గుప్పిట్లో పట్టుకునే మిగతా ప్యాకెట్లన్నీ ఒక్క చేత్తో అందుకున్నాడు.

మా పై అధికారి అప్పుడే వచ్చాడు. ఫోన్లలో ఎవరూ దొరకలేదట. చెప్పులు విడిచి, ఆ కుప్ప ముందు నిలబడి, నా చెవి దగ్గర అన్నాడు. "ఇది ఏ సెక్షన్ కిందికొస్తుందయ్యా?"

నెలవంకను కప్పమని నేను అడిగాను కదా. కప్పి ఉంటే ఆ సాయంత్రం వీధిలో అంతమంది ఉండేవారు కాదని, అందరూ నమాజు ముగించి ఇళ్లకు పోయేవారని తర్వాత తోచింది. చంద్రుణ్ణి చూడ్డానికి వచ్చిన జనమే ఆ మాటా విన్నారు. దేవుడి పనికి నేను సలహా ఇవ్వబోయాను. ఆయన నా సలహా తీసుకోకపోవడం ఎంత మేలైంది!

పండగ రోజు డ్రైవరు మా ఇంటికి గిన్నె తెచ్చాడు. మూత తీస్తే బియ్యం పాయసం. "మా వీధంతా ఇదే సార్ ఈసారి. మా అక్క మాస్కు తీసేసింది. ఆస్పత్రి ఇడ్లీ బాలేదని గొడవ పెడుతోంది." ఆ గొడవ గురించి విని మా ఆవిడా నేనూ మోకరించి స్తోత్రం చెల్లించాం. పట్నంలో ఆ పండగకు మరెవరికీ ఊపిరి అడ్డుపడలేదు.

రిపోర్టు వచ్చింది. మేం అనుకున్నదే. ఉండకూడని మందు ఉంది, లేబులు అబద్ధం. చెప్పినట్టుగానే అతని మాటలు నా చేత్తోనే రాశాను. ఆ పని తేలిక కాలేదు. విచారణ రోజు అతన్ని అధికారి ముందు నిలబెట్టి, "నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా?" అని అడిగారు.

"నాను ఆ రోజే సెప్పీసేను గదండీ" అన్నాడు.

విచారణ జరిపే అధికారి కలం కింద పెట్టాడు. తర్వాత పడవలసిన శిక్ష పడింది. వెనక్కి తీసుకున్నాడని తగ్గించారు గానీ వదల్లేదు. కార్ఖానా చాలాకాలం మూతపడింది. భార్యాభర్తలు ఆ రోజుల్లో కూలికి వెళ్లారని విన్నాను. నేను రిటైరయ్యే ముందు మళ్లీ లైసెన్సుకు దరఖాస్తు చేశాడు. చూడ్డానికి వెళ్లాను. గెడల మీద సేమియా మసగ్గా, గోధుమ రంగులో ఉంది. "ఎలా ఉంది వ్యాపారం?" అంటే, "ఎవుడూ ముట్టుకోడండి" అని నవ్వాడు. "ఆ వీధోలు మాత్రం కొంటన్నారు."

తమ్ముళ్లారా, మీరు ఈ ఉద్యోగంలో చాలా అబద్ధాలు వింటారు. డబ్బాలు దాచేవాళ్లను, పెద్దల చేత ఫోన్లు చేయించేవాళ్లను, ఏడ్చి మోసం చేసేవాళ్లను చూస్తారు. నేనూ ఎక్కువగా వాళ్లనే చూశాను. అందుకే ఆ ఒక్కణ్ణి ఇప్పటికీ మర్చిపోలేను. చట్టం అతని నోరు తెరిపించలేకపోయింది. నా ప్రసంగమూ తెరిపించలేదు. గోడ పట్టుకుని నిలబడ్డ ఒక మనిషి ఆయాసం అతనికి వినబడింది, అంతే. అది వినిపించేలా చేసినవాడు దేవుడని నా నమ్మకం.

ఇది చదివే మీరు ఏ మందిరానికి వెళ్లేవారైనా సరే, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి అడగండి. ప్రభువా, ఆ దంపతుల పనిని దీవించు. ఆ ఇల్లాలికి రాత్రిపూట నిద్ర ఇవ్వు. ఆస్పత్రుల్లో ఊపిరి కోసం కూర్చుని ఉన్నవాళ్లను ఆదుకో. మా చేతి పని వల్ల ఎవరికైనా కీడు జరుగుతోందని మాకు తెలిసిన రోజున, మేం లేచి, చేతులు కడుక్కుని, నలుగురి ముందుకూ వెళ్లగలిగేలా చెయ్యి. అప్పుడు మా గొంతు వణికినా ఫర్వాలేదు, మాట మాత్రం ఆగనివ్వకు. ఆమేన్.